ఊలు ఉండ మీద హెడ్‌ల్యాంపు

హాల్‌గ్రిమ్ మామయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, పొగ లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, హెడ్‌ల్యాంపు ఎంచుకోవడం. కొనడం మాత్రం లేదు. ఏటా కొండ మీద తొలిమంచు పడిన మర్నాడే కోల్‌బైన్ గారి ఆటసామాన్ల షాపులో ప్రత్యక్షమై, ఉన్న దీపాలన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని, అద్దంలో చూసుకుని, నిట్టూర్చి, "ఆలోచించి చెప్తా" అని వెళ్ళిపోయేవాడు. ఆ ఆలోచన ఏళ్ళు గడిచినా తెగలేదు.

ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఉన్న ఆ ఊళ్ళో నవంబరు చివర్లో పోయిన సూర్యుడు జనవరిలో గాని తిరిగి రాడు. అందాకా మంచు మీద జారే స్కీలు కాళ్ళకి కట్టుకుని అడవిలోకి వెళ్ళాలంటే నుదుటి మీద దీపం ఉండాలి. దీపం లేనివాడు చెట్టుకైనా గుద్దుకోవాలి, ఇంట్లోనైనా కూర్చోవాలి. మామయ్య మూడో దారి కనిపెట్టాడు. ఇంకొకరి దీపం వెలుగులో వెనకాలే వెళ్ళడం.

ఇందులో నవ్వుకోవలసింది ఊరు, సిగ్గుపడవలసింది సునీవా. ఎందుకంటే ఆ షాపులో దీపాలు అమ్మేది ఆమే, ఆయనకి స్వయానా మేనకోడలూ ఆమే.

"ఇది చూడు మామయ్యా. ఎంత చలిలోనైనా బ్యాటరీ దిగదు. దూరం కూడా బాగా కొడుతుంది."

"అది సరే. ముడి మీద నిలుస్తుందా?"

"ఏ ముడి?"

"జుట్టు ముడి."

సునీవా ఆయన తల వంక చూసింది. అక్కడ వెంట్రుక కనబడడం ఆమె పెళ్ళినాటి మాట.

"నీకు జుట్టెక్కడిది మామయ్యా?"

"లోకంలో అందరూ నాలాగే ఉంటారా? తెలుసుకోవద్దూ?" అంటూ కోటు జేబులోంచి ఊలు ఉండ ఒకటి తీసి, దాన్ని నడినెత్తిన నిలబెట్టి, కింద పట్టీ బిగించుకున్నాడు. అలాగే షాపంతా ఒక చుట్టు నడిచి, రెండుసార్లు ఎగిరి చూశాడు. ఉండ దొర్లి బూట్ల వరసలోకి పోయింది. వెనక నిలబడ్డ జనం దారిచ్చి, వంగి వెతికి, ఉండ తెచ్చి ఆయన చేతికిచ్చారు.

తరవాత మందపాటి ఉన్ని చేతి తొడుగు వేసుకుని, లోపల వేళ్ళు కొంకర్లు తిప్పుకుని, దీపం మీట నొక్కడానికి ప్రయత్నించాడు.

"వేళ్ళు వంకరపోయినవాళ్ళు నొక్కలేరు దీన్ని."

"నీ వేళ్ళు నిక్షేపంలా ఉన్నాయిగా."

"ఇవాళ ఉన్నాయి. ఇంకో మాట. ఇది పెట్టుకున్న మనిషి మాటిమాటికీ వెనక్కి తిరిగి తిడుతూ ఉంటే, వెనకున్నవాడి కళ్ళు పోతాయా?"

"ఎవరు తిడతారు?"

"మాటవరసకి అన్నాను."

షాపు యజమాని కోల్‌బైన్ సీసా అడుగంత మందం కళ్ళజోడు పైకి తోసుకుని, "సునీవా, మీ మామయ్యని కూడా గోడకి తగిలించు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్నాడు, ఎవరైనా కొనుక్కుపోతారు" అన్నాడు. అందరూ నవ్వారు. సునీవాకి తల కొట్టేసినట్టయింది. మామయ్య మాత్రం అందరికన్నా గట్టిగా నవ్వి, ఊలు ఉండ జేబులో వేసుకుని, ఆలోచించి చెప్తానని వెళ్ళిపోయాడు.

బుధవారాలు ఇంకా ఘోరం. ఆ సాయంత్రాలు స్కీ క్లబ్బు వాళ్ళంతా అడవి బాటన కొండ మీది గుడిసె దాకా వెళ్ళి, కాఫీ తాగి, గోధుమరంగు జున్ను వేసుకుని వాఫుల్స్ అనే గళ్ళ అట్లు తిని తిరిగొస్తారు. మామయ్య దీపం లేకుండా వచ్చి, అందరినీ ముందుకి పోనిచ్చి, ఆఖరున వచ్చే డాగ్నీ కోసం కాచుకుని ఉండేవాడు. డాగ్నీ ఫెర్రీలో టికెట్లు కోసి కోసి రిటైరైన మనిషి. మొగుడు పోయాడు, మోకాళ్ళు పోయాయి, గొంతు మాత్రం ఇంజను చప్పుడుకి అలవాటు పడినది పడినట్టే ఉండిపోయింది.

"డాగ్నీ, కాస్త నీ వెలుగులో రానిస్తావా?"

"ఈ ఏడూ కొనలేదా?"

"చూస్తున్నా. ఇంకా తేలలేదు."

"నేను పోయేదాకా తేలదు నీకు. పద. ఎడంపక్క వేరుంది, చూసుకో."

కొండ పొడుగునా ఆ తిట్లు వినపడుతూనే ఉండేవి. గుడిసెలోకి వచ్చాక డాగ్నీ తెల్లజుట్టు ముడి మీంచి కళ్ళ మీదికి జారిన దీపాన్ని లాగి పడేసి, అందరికీ వినపడేలా చెప్పేది: "నాకు రావాలని ఉండి వస్తున్నానా? ఒళ్ళు హూనమైపోతోంది. నేను రాకపోతే ఈ బోడిగుండు చెట్టుకి గుద్దుకుంటాడని రావడం." సునీవా కాఫీ కప్పులోకి తలదించుకునేది. కట్టుకున్న ఇల్లుంది, కావలసినంత పింఛనుంది, పిల్లికి బిచ్చం పెట్టనివాడైనా తన నెత్తికి తాను ఒక దీపం పెట్టుకోడా అని లోపల ఉడికిపోయేది.

ఒక బుధవారం కోల్‌బైన్ అందరి ముందూ అననే అన్నాడు. "దీపాల షాపులో పనిచేస్తూ సొంత మామయ్యని చీకట్లో వదిలేశావేమమ్మా?"

ఆ మాట సునీవాకి వారమంతా గుచ్చుకుంది. మళ్ళీ బుధవారం షాపులోకెల్లా మంచి దీపం కొని తెచ్చి, గుడిసెలో అందరూ వాఫుల్స్ దగ్గర ఉండగా లేచి నిలబడి, "మామయ్యా, ఇక నువ్వు ఎవరినీ అడుక్కోనక్కర్లేదు" అని ఆయన బోడిగుండుకి స్వయంగా పట్టీ బిగించి, మీట నొక్కింది. గుడిసె అంతా తెల్లారినట్టయింది. జనం చప్పట్లు కొట్టారు. మామయ్య నోరు తెరిచి, మూసి, "మంచి దీపం" అన్నాడు. డాగ్నీ చేతిలో వాఫుల్ పళ్ళెంలో పెట్టేసి, "మంచిదేలే. నాకో బరువు తగ్గింది" అంది. సునీవా ఆ సాయంత్రం చాలా కాలానికి తలెత్తుకుని ఇల్లు చేరింది.

ఆ తరవాతి బుధవారం డాగ్నీ రాలేదు. ఆపై వారమూ రాలేదు. మోకాళ్ళు కాబోలు అనుకున్నారు అందరూ. సునీవా షాపు నించి వస్తూ వాళ్ళింటి వైపు చూస్తే మెట్ల మీద మంచు ఎత్తకుండా అలాగే ఉంది. గోడకి ఆనించిన స్కీల మీద కూడా పేరుకుంది. కిటికీ పరదాలు వేసే ఉన్నాయి. మనసాగక సునీవా మామయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన కొట్టంలో కట్టెలు చీలుస్తున్నాడు.

"డాగ్నీ అత్త ఎందుకు రావడం లేదు మామయ్యా?"

"ఎందుకొస్తుంది? నాకు దీపం ఉందిగా."

"అంటే?"

ఆయన గొడ్డలి కింద పెట్టి, ఒక మొద్దు మీద కూర్చున్నాడు. "మొగుడు పోయిన ఏడు ఆవిడ చీకటి రోజులన్నీ తలుపు తియ్యలేదు. తోడొస్తామని వెళ్ళినవాళ్ళ మొహాన తలుపేసింది. ఎవరో కట్టెలు కొట్టి వాకిట్లో పెడితే, జారుడు బండి మీద వేసుకుపోయి వాళ్ళ వాకిట్లోనే పోసొచ్చింది. సాయం చేస్తామంటే పడదు. సాయం చెయ్యమంటే మంచంలోంచి కూడా లేచొస్తుంది. అందుకని దీపం జేబులో దాచుకుని, వెలుగు ఇమ్మని అడిగాను."

"నీకు దీపం ఉందా?"

ఆయన కొక్కేనికున్న కోటు జేబులో చెయ్యి పెట్టి, నలిగిన పట్టీతో పాత హెడ్‌ల్యాంపు ఒకటి తీసి నొక్కాడు. కట్టెలన్నీ తెల్లగా కనిపించాయి. "దారిలో ఆవిడది ఆరిపోతే ఇబ్బంది కదా" అన్నాడు.

ఆ వెంట బయటపడిన ఊలు ఉండ దొర్లుకుంటూ సునీవా కాళ్ళ దగ్గరికొచ్చింది. జుట్టు ముడి, వంకర వేళ్ళు, వెనక్కి తిరిగి తిట్టే మనిషి, ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. షాపులో తను ఎంత చిరాకు పడిందో, అందరితో కలిసి ఎన్నిసార్లు నవ్విందో గుర్తొచ్చి, ఆమెకి మామయ్య మొహంలోకి చూడ్డానికి మొహం చెల్లలేదు.

"ఆవిడ దీపం పాతదైపోయింది. మీట ఆవిడ వంకర వేళ్ళకి లొంగదు, ముడి మీద ఆగదు. ఈ ఏడు ఒకటి కుదిరింది. కానుకగా ఇస్తే పుచ్చుకోదు కదా, ఎలా చేర్చాలా అని చూస్తున్నాను. ఇంతలో నువ్వు..."

"నేనిచ్చింది అదేనా?"

"అదే. దీపం మంచిదేనమ్మాయ్. నెత్తి ఒక్కటే తప్పు."

సునీవా ఉండ తీసి ఆయన చేతికిచ్చింది. "ఆ దీపం ఇలా ఇవ్వు" అంది. నలుగురిలో ఆయన తలకి తను చేసిన పనికి, ఇప్పుడు తన తల దించుకోక తప్పదని ఆమెకి తెలుసు.

డాగ్నీ తలుపు బెత్తెడు తీసి, "ఏం?" అంది.

"అత్తా, మామయ్యకి మళ్ళీ దీపం లేదు. నేనిచ్చింది వెలగడం లేదు. ఎవరో వాపసు తెచ్చింది. చెడిపోయిందని తెలిసే ఇచ్చాను."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. "సొంత మామయ్యకి చెత్త దీపం అంటగట్టావా?"

"అవునత్తా."

"పదిమందిలో చప్పట్లు కొట్టించుకోవడం కోసమా?"

"అవునత్తా" అంది సునీవా. మొదటి అవును అబద్ధమైనా హాయిగానే వచ్చింది. రెండోది నిజం కావడంతో నేల చూపులు చూస్తూ అనాల్సి వచ్చింది.

"ఏదా దీపం?"

"సంచిలో ఉంది. పారేద్దామని తీసుకెళ్తున్నా."

"పారేస్తావా? పారేసే మొహం చూడు. ఇటు తే." డాగ్నీ అటూ ఇటూ తిప్పి, వంకర బొటనవేలితో మీట నొక్కింది. భగ్గున వెలిగింది. "వెలగదన్నావు?"

"మాకు వెలగలేదు."

"నొక్కడం రావాలి. ఆయనకి నొక్కడం రాదు, నీకు ఇవ్వడం రాదు. బాగుంది మీ కుటుంబం." దీపం ముడి కింద బిగించుకుని తల విదిలించి చూసింది. కదల్లేదు. ఎదుటివాళ్ళ మొహాన వెలుగు కొట్టకూడదన్నది ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద. డాగ్నీ కావాలనే సునీవా కళ్ళలోకి కొట్టింది. "పారేసేదాన్ని నేను ఉంచుకుంటున్నా. బుధవారం కింద మలుపు దగ్గర నిలబడమను ఆ బోడిగుండుని. ఒక్కడే బయల్దేరాడంటే ఊరుకోను."

బుధవారం గుడిసెలో డాగ్నీ ఈ సంగతంతా ఇంజను గొంతుతో అందరికీ చెప్పింది. వాఫుల్స్ పళ్ళేల మీంచి తలలన్నీ సునీవా వైపు తిరిగాయి. "నా షాపు పరువు తీశావు కదమ్మా" అన్నాడు కోల్‌బైన్. సునీవా చెవులు మండిపోయాయి. అసలు మాట నాలిక చివరిదాకా వచ్చినా, కాఫీతో పాటు మింగేసింది. అప్పుడు మామయ్య నోట్లో జున్ను నములుతూ, పెద్దమనసు చేసుకుని, "పోనీలెండి, చిన్నపిల్ల. క్షమించేశాను" అన్నాడు.

తిరుగుదారిలో కొత్త దీపం వెలుగులో డాగ్నీ ముందు, మామయ్య వెనక. "వెనక్కి తిరక్కు డాగ్నీ, కళ్ళు పోతున్నాయి" అన్న ఆయన గొంతు, "పోతే పోనీ, ఉండి ఏం చూశావు" అన్న ఆవిడ గొంతు చెట్ల మధ్య నించి వినిపిస్తూనే ఉన్నాయి. ఆ రాకపోకలు చలికాలమంతా సాగాయి. చెత్త దీపం ఇచ్చిన మేనకోడలనే పేరు సునీవాకి స్థిరపడిపోయింది. దానికి ఆమె సిగ్గుపడుతూనే ఉంది గాని, ఎవరైనా ఆ మాటెత్తితే నవ్వు ఆపుకోవడమే కష్టమయ్యేది.

మళ్ళీ తొలిమంచు పడింది. మర్నాడే మామయ్య షాపులో ప్రత్యక్షమయ్యాడు.

"మీ మామయ్య వచ్చాడు, నేను గోదాంలోకి పోతున్నా" అన్నాడు కోల్‌బైన్. పోతూ పోతూ ద్వారబంధానికి భుజం కొట్టుకున్నాడు.

సునీవా దీపాలన్నీ తనంతట తనే దింపి, గొంతు తగ్గించి అడిగింది. "డాగ్నీ అత్తది బాగానే ఉందిగా. ఈసారి ఎవరి నెత్తికి మామయ్యా?"

ఆయన గోదాం వైపు చూసి, ఇంకా తగ్గించాడు. "పోయిన ఫిబ్రవరి నించీ కోల్‌బైన్ బుధవారాలు రావడం లేదు, గమనించావా? షాపులో పని అంటాడు. చూపు బాగా తగ్గింది పాపం, అడిగితే ఒప్పుకోడు. కళ్ళజోడు మీద వెలుగు చెదరకుండా, పట్టీ కమ్మీలని నొక్కకుండా ఉండేది ఏదైనా ఉందా?"

సునీవా కౌంటరు మీద కోల్‌బైన్ మరిచిపోయిన రెండో కళ్ళజోడు తీసి, తుడిచి, మామయ్య ముక్కు మీద పెట్టింది.

"ముందు ఇది పెట్టుకో మామయ్యా. ఒక్కొక్కటే చూద్దాం, తొందరేముంది" అని మొదటి దీపం ఆయన నెత్తిన బిగించింది.