కిందంటే ఎక్కడికి?

పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో నేను మొదటిసారి పప్పు వండిన రోజు, అందరూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉప్పు చాలలేదు. మా ఆడపడుచు పకపకా నవ్వేసింది.

"సముద్రం పక్కన పుట్టి ఉప్పెయ్యడం రాదేంటి వదినా!"

నేనూ నవ్వాను. కారణం చెప్పాను గానీ వాళ్ళకది ఎక్కలేదు. మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపేస్తే మాకు వంటకైనా బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళలోనే ఉప్పుంటుంది. అందుకని మా అమ్మ పప్పులో సగం ఉప్పే వేసేది. నా చెయ్యి ఆ కొలతకు అలవాటు పడిపోయింది. అత్తగారిది పామర్రు దగ్గర కాలువ గట్టు మీద ఊరు. అక్కడి నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఆ నీళ్ళతో వండుతున్నా నా చెయ్యి మాత్రం ఇంకా మా ఊళ్ళోనే ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను "శివారు పిల్ల"ని. కాలువ చిట్టచివర, నీళ్ళు అందీ అందని పొలాలను శివారు భూములంటారు. ముద్దుగానే అనేవారు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. మా ఊళ్ళో వయసులో పెద్దవాళ్ళు తమ జీవితాన్ని డెబ్బై ఏడు ఉప్పెనకు ముందు, ఉప్పెన తరవాత అని రెండు ముక్కలుగా చెప్పుకుంటారు. అంత చూసి, మళ్ళీ అదే నేలలో నారు పోసినవాళ్ళకు శివారు అని పేరు.

మా ఆయన ఉద్యోగం బందరులో, మా కాపురమూ అక్కడే. బందరు అంటేనే రేవు. ఓడలు రావడం మానేసి తరాలు గడిచాయి, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు మంగినపూడి వైపు మళ్ళీ కొత్త రేవు పనులంటున్నారు, పక్కింటివాళ్ళు అప్పుడే స్థలాల ధరలు మాట్లాడుకుంటున్నారు. ఈ చుట్టుపక్కల బతుకులన్నీ నీళ్ళు గీసిన గీతల మీదే నడుస్తాయి. అద్దకం పనివాళ్ళకు గుడ్డలు జాడించడానికి పారే నీళ్ళు కావాలి, కాబట్టి కాలువ పక్కన చేరారు. ఉప్పు తేలిన పొలాల్లో వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వారు. డిగ్రీలో నేను డెల్టా అంటే నది తెచ్చిపోసిన ఒండ్రు అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఒండ్రుతో పాటు ఇంకేమేం తెస్తుందని ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు.

పోయిన వేసవిలో మా పాపకు పచ్చకామెర్లు వచ్చాయి. నాలుగేళ్ళ పిల్ల. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. గుడివాడ తీసుకెళ్ళి చూపించాం. నీళ్ళ వల్లే అయ్యుండొచ్చు, ఎక్కడి నీళ్ళో చెప్పలేం అన్నారు డాక్టరుగారు. తగ్గింది. కానీ నా భయం తగ్గలేదు. అప్పటి నుంచి కాచిన నీళ్ళను కూడా వెలుతురులో పెట్టి చూస్తున్నాను.

అత్తగారు మాత్రం తేల్చేశారు. "ఆ బందరు నీళ్ళు దానికి పడవు. పిల్లని మా దగ్గరుంచు, ఇక్కడే బళ్ళో వేద్దాం."

"ఒక్క ఏడాది ఉంచుదాంలే," అన్నారు మా ఆయన. పిల్లను పంపడమంటే గొడుగు పంపినంత తేలిగ్గా.

నేను సగం ఒప్పుకున్నాను. ఒట్టు. నా దగ్గర ఉండి జబ్బు పడే కంటే దూరంగా ఉండి ఆరోగ్యంగా ఉంటే చాలనుకున్నాను. మొన్నామధ్య ఆడపడుచు కొడుకు అన్నప్రాశనకు అత్తగారింటికి వెళ్ళినప్పుడు పాప బట్టలు విడిగా ఒక సంచీలో సర్దుకునే వెళ్ళాను.

భోజనాలయ్యాయి. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. పెరడు దాటితే బందరు వైపు పారే కాలువ. వంటవాళ్ళు ఎంగిలి విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన సాంబారు గంపలతో తెచ్చి నేరుగా కాలువలో గుమ్మరిస్తున్నారు. మావయ్యగారు గట్టు మీద నిలబడి, "ఇటు కాదయ్యా, కాస్త లోపలికి వెయ్యి, గట్టుకి తగులుకుంటాయి," అని దగ్గరుండి చూసుకుంటున్నారు.

"మావయ్యగారూ, కాలువలో వేయిస్తున్నారేంటండీ?"

"ఏం పర్లేదమ్మా. పారే నీళ్ళు. కిందకి పోతాయి."

"కిందంటే ఎక్కడికండీ?"

ఆయన నవ్వారు. "కిందంటే కిందకే. సముద్రంలోకి."

"సముద్రానికి ముందు మేమున్నాం కదండీ."

ఆయన నవ్వు ఆగింది. నా గొంతు పెరిగినట్టుంది, అత్తగారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. సంగతి విని, ఏ మాత్రం తడుముకోకుండా, "అందుకేగా పిల్లని ఇక్కడ ఉంచమంటోంది!" అన్నారు.

ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే అన్నారు. మా పిల్ల మీద ప్రేమతోనే అన్నారు. అదే నన్ను దహించింది. పై ఊళ్ళ మనసులో కింద అనేది ఒక దిక్కు, అంతే. అక్కడ బిందెలు పట్టుకుని నిలబడేవాళ్ళు లేరు, పాలసీసా కడిగే తల్లులు లేరు. ఉన్నట్టు గుర్తొస్తే వాళ్ళలో మన పిల్లను ఒక్కదాన్ని పైకి తెచ్చుకుంటే సరిపోతుంది.

"పిల్లల్ని పైకి తెచ్చుకుని చెత్త కిందకి పంపుతారా అత్తయ్యగారూ?" అన్నాను. "మా బందరు నీళ్ళు చెడ్డవని ఇన్నేళ్ళు అన్నారు. అవి మీ పెరట్లోంచి వచ్చే నీళ్ళే కదా!"

"మేమొక్కళ్ళమే వేస్తున్నామా ఏంటి? ఊరంతా వేస్తారు," అంది ఆడపడుచు. "మేం మానేస్తే బాగుపడిపోతుందా వదినా?"

"ఊరంతా అదే అంటుంది," అన్నాను.

మా ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందకు చూస్తూ నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళి పాప బట్టల సంచీ తీసుకున్నాను. "బస్సుంటుందిగా," అన్నాను ఆయనతో. ఆయన కాసేపు తటపటాయించి, పాపను ఎత్తుకున్నారు.

ఇది జరిగాక పోట్లాటలేవీ రాలేదు. మా ఇళ్ళలో పోట్లాటలు రావు, ఫోన్లు తగ్గుతాయి. పాపను ఇక్కడే, మా వీధి చివరి బళ్ళో వేశాను. భయం పోయిందని చెప్పను. పిల్ల నిద్రలో కదిలినా లేచి లైటు వేసి కళ్ళు చూస్తున్నాను. ఇది రాస్తూ కూడా ఇందాక ఒకసారి లేచి చూశాను.

నిన్న అత్తగారు ఫోన్ చేశారు. "దానికి నీళ్ళు కాచి ఇస్తున్నావా?"

"కాస్తున్నానండీ. మీరు చెత్త ఎక్కడ వేస్తున్నారు?"

"నీకు నోరు బాగా పెరిగిందే అమ్మాయ్," అన్నారు.

"శివారు పిల్లని కదండీ," అన్నాను. "గట్టిగా అరవకపోతే పైకి వినపడదు."