సరళ ఎత్తనివ్వని బండి

తండా నుంచి డాంబరు రోడ్డు దాకా నల్లరేగడి బాట. మొన్నటి వానకు అక్కడే బండి దిగబడి, సరళ అత్త భూలికి డయాలసిస్ తప్పిపోయింది. మర్నాటికి ముసలామె ఊపిరాడక అల్లాడింది. అందుకే సరళ భర్త జితేందర్ ఇద్దరినీ ఎక్కించుకుని బండిని మిర్యాలగూడలోని షెడ్డుకు తెచ్చాడు. వెనక చక్రాలు మాత్రమే లాగే పాత ఎస్‌యూవీ అది.

"సస్పెన్షన్ లేపి, బండి ఎత్తు పెంచి పెద్ద టైర్లు ఏద్దాం. ఎంత బురదున్నా ఉరుకుతది," అన్నాడు మెకానిక్ యాదగిరి, అలా లేపిన తన బండిని చూపిస్తూ.

జితేందర్ కళ్లు మెరిశాయి. సరళకు మాత్రం నమ్మకం కుదరలేదు. వంగి ఆ బండి కిందికి చూసింది. ఎక్కడా మట్టి మరక లేదు.

"ఇది ఎన్నడన్న బురదల దిగిందా అన్నా?"

"షోకు బండి చెల్లె. బురదల ఎందుకు దించుత?"

"లేపితే ముందు చక్రాలు గూడ లాగుతయా?"

"అవి లాగయి."

సరళ అత్తను పిలిచి ఆ బండి ఎక్కమంది. భూలి తలుపు పట్టుకుని రెండుసార్లు కాలెత్తినా అందలేదు.

"నిచ్చెన గూడ నువ్వే ఇస్తవా బిడ్డా?" అంది ఆయాసపడుతూ.

యాదగిరి నవ్వాడు. జితేందర్ నవ్వలేదు.

"లేపుడొద్దు. మా బండి సైజుకే, బురదల పట్టు దొరికే టైర్లు ఎయ్యి," అంది సరళ.

"మల్ల దిగబడితే నన్ననొద్దు," అన్నాడు యాదగిరి.

కొత్తవి చూపించి పాతవి బిగిస్తాడేమోనని, టైర్లు తేవడానికి అతను లోపలికి వెళ్తే వెంటే నడిచింది. ఆఖరి నట్టు బిగిసేదాకా పక్కనే నిలబడింది. అత్తను తమ బండి ఎక్కించి, దింపి, మళ్లీ ఎక్కించాకే ఇంటికి పదమంది.