కత్తెర జారలేదు

మా వీధి టైలరక్క మొన్న ఉదయం పోయింది. కోహీర్‌లో కూతురి దగ్గరికి బయలుదేరి, బస్టాండులోనే గుండెపోటుతో కూలబడిందట. ఫోన్లో ఆ మాట వినగానే ఏడుపు కన్నా ముందు సిగ్గేసింది. ఆమె గురించి పదిమందిలో చెప్పాల్సిన మాట ఒకటి దాచుకుని ఏడాది గడిపేశాను.

ఆమెకు ఎవరూ ఒంటి కొలతలిచ్చేవారు కాదు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని పరిచి గుడ్డ కత్తిరించేది. క్యాన్సర్ వచ్చి నా ఎడమ రొమ్ము తీసేసి, హైదరాబాద్‌లో దాని చోట ఇంప్లాంట్ పెట్టాక కూడా నేను పాత ఆదే ఇచ్చాను. బయటివాళ్లకు గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నాం. ఆది మారితే అబద్ధం బయటపడదూ?

తమ్ముడి పెళ్లికి కుట్టించిన జాకెట్టు ఎడమవైపు పైకి లాగింది. విప్పి మళ్ళీ కుట్టింది. వారం తిరిగేసరికి ఇంకా లాగింది. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. దుకాణం నిండా ఆడవాళ్లుండగానే జాకెట్టు ఆమె ముందు విసిరేశాను.

"గిట్లనా అక్కా కుట్టేది? ఎట్ల వంకర పోయిందో సూడు!"

ఆమె నా ఛాతీ వైపు ఒక్క క్షణం చూసి కళ్లు దించుకుంది.

"నా తప్పే చెల్లె. కత్తెర జారింది."

మధ్యాహ్నం దుకాణం మూసి మా ఇంటికొచ్చింది. తలుపు గడియ పెట్టి, మొదటిసారి నా ఒంటి మీద టేపు పెట్టింది. భుజం నుంచి కుడివైపు కొలిచింది, ఎడమవైపు కొలిచింది. నమ్మకం చాలక మళ్ళీ కొలిచింది.

"వేలెడు పైకెక్కింది. చంక దిక్కు గూడ జరిగింది. గుడ్డకేముంది, ఇప్పి కుడ్త. నువ్వు దవాఖానకు పో."

"మళ్ళొచ్చిందేమో అక్కా." దాచిన క్యాన్సర్ సంగతి అప్పుడు చెప్పేశాను.

"అయితే జల్ది పోవాలె గద! పెండ్లైనంక కాదు, రేపే. నేనొస్త."

వచ్చింది. స్కానింగ్ గది బయట పిలుపు కోసం కూర్చున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు. క్యాన్సర్ తిరగబెట్టలేదు. ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుని దాన్ని పైకి నెట్టిందట. పెళ్లయ్యాక మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచేశారు. అయినా రెండూ అచ్చంగా ఒకేలా లేవని నేను గొణిగితే నవ్వేది. "ఎవలికున్నయి ఒక్కతీరు? ముప్పై ఏండ్ల సంది కుడుతున్న, నేనైతే సూడలే!"

కానీ ఆ రోజు దుకాణంలో విన్నవాళ్లు ఊరుకుంటారా? పెళ్లి జాకెట్లన్నీ వేరే టైలర్లకు పోయాయి. అసలు సంగతి అందరికీ చెప్పేస్తానంటే, "నీకు చెప్పబుద్ధైతే చెప్పు. నా కోసం చెప్పకు" అంది. ఆ మాట నాకు సాకుగా దొరికింది. ఇంత పిరికిదాన్ని నేను.

మొన్న ఆమె పోయిన సాయంత్రం, ఆమెను పడుకోబెట్టిన చాప పక్కన ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ అంది: "మంచి మనిషి. ఆఖర్ల చూపానక జాకెట్లు వంకర కుట్టింది గనీ..."

నేను లేచి నిలబడ్డాను.

"వంకర ఆమె కుట్టుల లేదు. క్యాన్సరని నా రొమ్ము తీసేసిన్రు. దాని జాగల పెట్టింది పక్కకు జరిగింది. నా గుట్టు దాయనీకి తప్పు తన మీదేసుకుంది."

అందరి చూపులూ నా ఛాతీ మీదికి వచ్చాయి. చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. సర్దుకోలేదు. చూడనిచ్చాను.