గ్లాసు మేస్త్రి కుడిచెవి

ఆ కాలనీ చరిత్ర రాయడానికి ఇంతవరకు ఎవరూ పూనుకోలేదు. పూనుకుంటే మాత్రం మొదటి అధ్యాయం ఒక స్టీలు గ్లాసుకు కేటాయించక తప్పదు. అక్కడి నలభై ఏళ్లనాటి ఇళ్లకు వైద్యం చేసే ప్లంబరు ఏ గుమ్మం తొక్కినా, పనిముట్ల సంచి విప్పకముందే మంచినీళ్లు అడుగుతాడు. తాగుతాడు. అక్కడితో ఆగితే దాన్ని దాహం అంటారు. ఆయన ఆగడు. ఖాళీ గ్లాసును రెండుసార్లు విదిలించి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, నేలమీదో గోడమీదో బోర్లించి, దాని అడుగుకు కుడిచెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఆ క్షణం నుంచి ఇంట్లో మిక్సీ ఆగాలి, టీవీ ఆగాలి. దగ్గు వచ్చినవాళ్లు వీధిలోకి వెళ్లి దగ్గి రావాలి. ఈ సంప్రదాయం ఏ సంవత్సరంలో ఆరంభమైందో ఆయనకే గుర్తులేదు. ఇంతకన్నా చిన్న సంగతులకు రాజులు రాళ్లు చెక్కించుకున్నారు.

అందుకే ఆయన్ని అందరూ గ్లాసు మేస్త్రి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది.

గ్లాసుకు ఇంత ప్రాభవం ఊరికే రాలేదు. ఆ ఇళ్ల కింద ఏ పైపు ఎటు పోతుందో వేసినవాళ్లకు తెలియాలి. వాళ్లలో కొందరు లేరు, ఉన్నవాళ్లకు గుర్తులేదు. ప్రతి ఇంటికీ పెరట్లోనో పక్క సందులోనో ఒక చాంబరు ఉంటుంది. ఇంట్లోని వాడకపు నీళ్లన్నీ వచ్చి కలిసే ఇటుకల గుంట అది, పైన సిమెంటు మూత. ఎక్కడ అడ్డుపడినా మూత తీసి, వెదురుబద్ద తోసి, పని ముగించుకోవచ్చు. అయితే ఆ మూత చూడ్డానికి బాగుండదు. కాస్త చేయి ఆడగానే ప్రతి కుటుంబమూ చేసే మొదటి ఘనకార్యం దాని మీద టైల్స్ పరిపించడం. రెండోది, అది ఎక్కడుందో మరిచిపోవడం. ఈ రెండు కార్యాలూ కాలనీలో ఇంటింటా నిర్విఘ్నంగా జరిగాయి. అలా మాయమైన మూతల్ని, పానా పిడితో నేలను తడుతూ, గ్లాసులోంచి వింటూ వెతికి పట్టడం మేస్త్రి విద్య. గట్టి నేల ‘టక్’ అంటుంది. కింద గుంట ఉన్న నేల ‘డబ్’ అంటుంది. టక్కుకూ డబ్బుకూ ఉన్న ఆ కాస్త తేడా మీదే ఆయన ఇల్లు కట్టాడు, కూతురి చదువు పూర్తిచేయించాడు.

అలాంటి చెవి మీద ఆయనకే అనుమానం పుట్టింది.

మూడు కూతలకు కుక్కరు కట్టేయమని చెప్పి భార్య మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వంటింట్లో మాడు వాసన.

“ఏడు కూతలొచ్చాయి! మేడమీద నాకే వినిపించాయి. పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?”

“రెండే వచ్చాయి.”

“ఊళ్లోవాళ్ల గోడలు వినడానికి పనికొచ్చే చెవి, నా కుక్కరుకు పనికిరాదా?”

ఆమె నవ్వుతూనే అంది. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఎవరూ చూడకుండా గోడగడియారం దగ్గర నిలబడి టిక్కులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లెక్క సరిపోయిన పూట గడియారాన్ని అనుమానించేవాడు. చివరికి మనసులో ఒక తీర్మానం చేసుకున్నాడు. ఒక్క మూత విషయంలో చెవి తప్పిందా, ఇక సంచి అటకెక్కించేయడమే. తను చూసుకునే ఇళ్లన్నీ, మెయిన్ రోడ్డులో ఉంటూ పైపులోకి కెమెరా పంపి చూసే మేస్త్రికి అప్పగించేయడమే. కెమెరా అంటే ఆయనకు కోపం లేదు. దానికి మంచినీళ్లు ఇవ్వనక్కర్లేదు కదా అని మాత్రం అనేవాడు.

తీర్మానమైన వారానికి లెక్కల టీచరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“మేస్త్రిగారూ, వాషింగ్ మిషను నీళ్లు వదిలినప్పుడల్లా బాత్రూంలో చెరువు లేస్తోందండీ. నురగతో సహా!”

ఆయన వెళ్లాడు, నీళ్లు తాగాడు. గ్లాసు విదిలిస్తూ, “చాంబరెక్కడమ్మా?” అని అడిగాడు.

టీచరమ్మ క్లాసులో ఎన్నడూ తడబడి ఎరగదు. ఇక్కడ తడబడింది. “ఉందండీ. అంటే, ఉండాలి. మా మామగారు ఉన్నప్పుడు పెరడంతా టైల్స్ వేయించారు. ఈ తొట్టి పక్కనే ఉండేదని చెప్పినట్టు గుర్తు.”

“తొట్టి దగ్గర కాదు, మెట్ల కింద,” అన్నాడు లోపలి నుంచి ఆమె భర్త. “దగ్గరుండి చేయించింది నేనే.”

“ఆ రోజు మీరు ఆఫీసులో ఉన్నారు.”

“సెలవు పెట్టాను!”

“పెట్టారు. పెట్టి సినిమాకి వెళ్లారు.”

టీచరమ్మ మేస్త్రి వైపు తిరిగి గొంతు తగ్గించింది. “ఒక్క మాటండీ. ఈ టైల్స్ చేయడం ఆపేసి పదకొండేళ్లయిందట. నాలుగు షాపులు తిరిగాను. పగిలితే జోడీ దొరకదు. మా మామగారు ఒక్కోటీ చేత్తో తడిమి ఏరారు.”

“ఒకే ఒక్కటి తీస్తానమ్మా. అది సరైనదే అయ్యుంటుంది,” అన్నాడు మేస్త్రి. అని, ఎందుకన్నానా అనుకున్నాడు.

తొట్టి పక్కన తట్టాడు. టక్. మెట్ల కింద తట్టాడు. టక్. ఇక మోకాళ్ల మీద కూర్చుని, గోడ మూల నుంచి వరసగా, టైలు తర్వాత టైలు తట్టుకుంటూ పోయాడు. పెరడు టక్కుమంది, సందు టక్కుమంది, గేటు ముందు భాగం కూడా మొహమాటం లేకుండా టక్కుమంది. రెండడుగుల గుంట, అన్ని నీళ్లు మింగే గుంట, ఆ నేల కింద ఎక్కడో ఉండితీరాలి. డబ్బుమనాలి. అనడం లేదంటే, నేల తప్పు కాదు.

మేస్త్రి లేచి నుదురు తుడుచుకున్నాడు. “అమ్మా, నేను తట్టినప్పుడు చప్పుడు ఎలా వస్తోంది మీకు?”

“నాకేం తెలుస్తుందండీ, చెవి మీది కదా!”

ఆమె మెచ్చుకోలుగానే అంది. ఆయనకు మాత్రం అది దెప్పినట్టే వినిపించింది. భర్తగారు మంచిమనసుతో, “పోనీ, ఆ కెమెరా అతన్ని పిలిస్తేనో?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు మేస్త్రి వారం కిందటే సిద్ధం చేసుకున్నాడు గనక ఆలస్యం చేయలేదు.

“అదే మంచిది బాబూ. నంబరు ఇస్తాను, రాసుకోండి. నాకిక...” అని ఆగి, పానా సంచిలో వేశాడు. గ్లాసు టీచరమ్మకు తిరిగి ఇచ్చాడు. ప్రహరీగోడ పక్కన విడిచిన చెప్పుల్లో కాలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే, పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చింది. ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి. సగం పనిలో ఆగిపోయిన వాషింగ్ మిషను, తన కర్తవ్యం గుర్తొచ్చి, నీళ్లన్నీ ఒక్కసారి వదిలింది.

“అయ్యో, మళ్లీ చెరువు!” అని టీచరమ్మ లోపలికి పరిగెత్తబోయింది.

“ఆగండమ్మా!”

మేస్త్రి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడిపోయాడు. ఎక్కడో, చాలా కింద, ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుడగుడ. ఆయన ఆమె చేతిలోంచి గ్లాసు లాక్కుని ప్రహరీగోడ అడుగున ఆనించి, దాదాపు నేలమీద పడుకుని విన్నాడు. గుడగుడ గోడ కిందుగా పోయింది, గోడ దాటింది, అవతల ఒక ఖాళీలోకి బొట్లుబొట్లుగా దిగింది. ఆ ఖాళీ ఎంత పెద్దదో, ఎంత లోతో కూడా ఆయనకు వినిపించింది.

లేచినప్పుడు చొక్కానిండా దుమ్ము. మొహం మాత్రం పదేళ్లు తగ్గింది.

“మీ చాంబరు పక్కింట్లో ఉందమ్మా.”

“మా చాంబరు వాళ్లింట్లో ఉండటమేమిటండీ!”

“రెండిళ్లకీ కలిపి ఒకటే తవ్వారు. గోడ తర్వాత కట్టుంటారు. మీ పెరడంతా గట్టి నేలే. అది టక్కుమనక ఏం చేస్తుంది?” ఆ చివరి వాక్యాన్ని ఆయన రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఎవరికోసమో వాళ్లకు అర్థం కాలేదు.

పక్కింటి పెద్దాయన వరండాలో నడుముకు పట్టీ కట్టుకుని పేపరు చదువుతున్నారు. విషయం వినకముందే గేటు తీయమన్నారు. గోడవారగా ఒక పెద్ద క్రోటన్ మొక్క తొట్టి ఉంది. మేస్త్రీ, టీచరమ్మ భర్తా కలిసి దాన్ని జరిపితే, నలభై ఏళ్లనాటి సిమెంటు మూత తేటగా బయటపడింది. మూత కళ్లెదుట ఉన్నప్పుడు తట్టాల్సిన అవసరం ఏ శాస్త్రంలోనూ లేదు. అయినా మేస్త్రి తట్టాడు. డబ్. మళ్లీ తట్టాడు. డబ్. మూడోసారి కళ్లు మూసుకుని తట్టాడు.

మూత తీస్తే, టీచరమ్మ ఇంటి వైపు పైపు మూతి దగ్గర మొక్కల వేళ్లు అల్లుకుని జడలా వేలాడుతున్నాయి. వాటిలో ఒక దువ్వెన, ఒక షాంపూ మూత చిక్కుకుని ఉన్నాయి. కత్తితో కోసి, వెదురుబద్ద నాలుగుసార్లు తోసేసరికి పైపు గొంతు సవరించుకుని, పట్టి ఉంచినదంతా ఒక్క ఊపున కక్కేసింది.

గోడ అవతలి నుంచి టీచరమ్మ కేక వినబడింది. “పోయిందండీ! చుక్క లేకుండా పోయింది!” ఆ వెంటనే, అప్పటికే ఇంటికి తిరిగి వెళ్లిన భర్తతో ఆమె మెల్లగా అన్న మాట కూడా. “పాపం, ఇందాక సంచి సర్దుకుంటుంటే ఆయన మొహం చూడలేకపోయానండీ.”

గోడకు ఇవతల, పది గజాల దూరంలో, ఏ గ్లాసూ లేకుండానే మేస్త్రి ఆ మాట విన్నాడు. ప్రతి అక్షరం విన్నాడు. ఒక్క టైలూ తీయలేదు, ఒక్క ఇల్లూ వదులుకోనక్కర్లేదు. కుక్కరు సంగతి ఇంటి వ్యవహారం, దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆయన మెట్టు మీద కూలబడి, చాలా రోజుల తర్వాత గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పెద్దాయన పేపరు మడిచారు. “మూత ఇక్కడుందని ఎలా కనిపెట్టావయ్యా?”

“వినబడిందండీ,” అన్నాడు మేస్త్రి, వినయం తొణక్కుండా.

“ఓహో. నన్ను అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ని కదా.”

ఇల్లు కొన్నప్పటి నుంచీ ఏడాదికి రెండుసార్లు ఆ తొట్టి జరిపి, మూత తీసి, రెండిళ్ల పైపులూ పెద్దాయనే శుభ్రం చేస్తున్నారు. ఈసారి నడుము పట్టేయడం వల్ల కుదరలేదు.