రాత్రంతా కూర్చుని పాటలు విన్న సుగుణమ్మ

2023, మాఘమాసం చివరి రోజులు. టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట, ఇప్పచెట్ల మధ్య ఉన్న ఒక బయలులో మూడు రోజుల పాటల పండుగ పెట్టారు. ఖమ్మం వైపు ఊళ్ల నుంచి భజన బృందాలు, కోలాటం వాళ్లు, చుట్టుపక్కల అడవి ఊళ్ల నుంచి డోలు వాయించేవాళ్లు వచ్చారు. మూడు రోజులూ అక్కడే గుడారాల్లో ఉండాలి. వచ్చినవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లే కాబట్టి ఒక మెడికల్ క్యాంపు కావాలన్నారు. నర్సుగా నాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. క్యాంపు బాధ్యత నాకిచ్చారు.

నాకు నోరెక్కువ. పెద్దవాళ్లకు ఇబ్బంది లేకుండా ఏమేం చేయాలో చెప్పమని కమిటీ వాళ్లు అడగడమే ఆలస్యం, నెల ముందు నుంచే వాళ్లను కూర్చోనివ్వలేదు. నేల మీద పక్కలు వేస్తే మోకాళ్ల నొప్పులవాళ్లు లేవలేరు, నవారు మంచాలు తెప్పించమన్నాను. స్టేజీ ముందు పట్టాలు ఒక్కటే చాలవు, కుర్చీలు కూడా వేయించమన్నాను. సౌండు బాక్సులకు ఎదురుగా ముసలివాళ్లను కూర్చోబెట్టొద్దన్నాను. అడవి చలి కాబట్టి తలకు టోపీ, కాళ్లకు సాక్సు తప్పనిసరి చేశాను. బాత్రూంలు వంటల దగ్గరుంటే ఈగలు ముసిరి వాంతులు, విరేచనాలు మొదలవుతాయని వాటిని దూరంగా, వాలు దిగాక కింద పెట్టించింది కూడా నేనే. దారి పొడుగునా లైట్లు వేయించాను. అంతా చూసుకుని ఇంకేం కావాలి వీళ్లకు అనుకున్నాను.

సుగుణమ్మ మొదటిరోజు మధ్యాహ్నం దిగింది. పేర్లు మార్చి రాస్తున్నాను. వాళ్లది ముదిగొండ దగ్గరి ఊరు. వయసు డెబ్భై ఒకటి. ఆ ఊరి ఆడవాళ్ల భజన బృందంలో ముందు పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. రెండేళ్ల కింద గుండె జబ్బు బయటపడింది. గుండె రక్తాన్ని నెట్టే బలం తగ్గిపోయిందన్నారు, దాన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటాం. అప్పటి నుంచి ఆమె ఇల్లు దాటి పాడలేదు. ఈసారి గోలీలు తప్పకుండా వేసుకుంటే వెళ్లిరావచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. వాళ్ల బృందం వంతు మూడోరోజు పొద్దున. బీపీ చూస్తుంటే ఆ సంగతే చెప్పింది.

"ఒక్క పాట నేను ఎత్తుకుంట బిడ్డా. తర్వాత ఇగ వాళ్లే పాడుకుంటరు. నాకు గదే చాలు."

వెంట ఆమె భర్త రాఘవులు ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వారానికి ఏడు అరలున్న గోలీల డబ్బా ఒకటి చేతిలోనే ఉండేది. పొద్దున, మధ్యాహ్నం ఫోనులో అలారం మోగగానే గోలీలు తీసి, గ్లాసు నీళ్లిచ్చి, ఆమె మింగేదాకా పక్కనే నిలబడేవాడు. మీలాంటి భర్తలు ఊరికి నలుగురుంటే మా ఉద్యోగాలు పోతాయి బాబాయి అంటే ఆయన మురిసిపోయాడు. సుగుణమ్మ పాదాలు కొంచెం పొంగి ఉన్నాయి. వ్యానులో అంతసేపు కాళ్లు వేలాడేసి కూర్చున్నందుకేలే అనుకుని సాక్సు తొడుక్కోమని చెప్పి పంపాను.

ఇక్కడ ఆ గోలీల్లో ఒకదాని గురించి చెప్పాలి. గుండె బలహీనపడ్డవాళ్లకు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ నీటిని మూత్రంగా బయటికి పంపడానికి ఫ్యూరోసెమైడ్ అనే మాత్ర ఇస్తారు. మావైపు నీళ్ల గోలీ అంటారు, ఆమెకు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అది వేసుకున్నాక రెండు మూడు గంటలపాటు మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వస్తుంది.

రెండోరోజు పొద్దున గుడారాల వెంట రౌండు తిరుగుతుంటే రాఘవులు ఎదురొచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. సుగుణమ్మ రాత్రి నడుం వాల్చనే లేదట. మంచం మీద కూర్చునే తెల్లారేదాకా స్టేజీ మీది పాటలన్నీ విన్నదట. పడుకోవే అంటే పడుకుంటే పాట సరిగ్గా వినపడదు అన్నదట. నేను గట్టిగా నవ్వాను. నేనైతే పది గంటలకే గురక పెట్టాను, ఈ వయసులో ఆ ఓపిక ఎవరికుంటుంది, అదృష్టవంతురాలు అన్నాను. గుడారంలోకి తొంగి చూస్తే ఆమె కూర్చునే ఉంది, నన్ను చూసి చెయ్యి ఊపింది. గోలీలు వేసుకున్నారా అమ్మా అని అడిగాను. అవ్ అన్నది. నేను పక్క గుడారానికి వెళ్లిపోయాను.

గుండె జబ్బు మనిషి పడుకోలేక రాత్రంతా కూర్చుందంటే అది ఆర్థాప్నియా. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, లేచి కూర్చుంటే కొంచెం నయమనిపిస్తుంది. నర్సింగు మొదటి ఏడాది పిల్లను అడిగినా చెబుతుంది. వార్డులో ఎవరైనా అదే మాట చెప్పి ఉంటే పరుగెత్తి డాక్టరును పిలిచేదాన్ని. అక్కడ పాటలున్నాయి కాబట్టి నాకు జబ్బు కనపడలేదు, భక్తి కనపడింది. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడోరోజు అప్పుడప్పుడే తెల్లవారుతుండగా రాఘవులు చెప్పులు కూడా లేకుండా క్యాంపుకు పరుగెత్తుకొచ్చాడు. నేను వెళ్లేసరికి సుగుణమ్మ మంచం అంచున మోకాళ్ల మీద చేతులు ఆనించి ఎగశ్వాస తీస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. దగ్గితే నురగ వస్తోంది. ఒంటి మీద మాత్రం పాడటానికి కట్టుకున్న కొత్త చీర ఉంది. వేలికి తొడిగి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పల్స్ ఆక్సీమీటర్ పెడితే డెబ్భై ఎనిమిది చూపించింది. తొంభై నాలుగు దాటి ఉండాలి. సాక్సు లాగేసి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, ఎంతకీ పూడలేదు. ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన ఇంజెక్షన్ నరానికి ఇచ్చాను. అది ఆ నీళ్ల మందే.

వన్ నాట్ ఎయిట్ బండి వచ్చాక రాఘవులును డ్రైవరు పక్కన కూర్చోబెట్టి నేను వెనక ఎక్కాను. కొంత దూరం పోయాక మందు పనిచేయడం మొదలుపెట్టింది. ఆ కుదుపుల్లో మూత్రానికి గొట్టం వేసే వీల్లేదు. సుగుణమ్మ మాస్కు పక్కకు జరిపి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపుకోలేకపోయిన బిడ్డా. చీర తడిసింది. ఆయనకు చెప్పకు."

"తడవనియ్యమ్మా. ఆ నీళ్లు పోతేనే మీకు ఊపిరి ఆడేది."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. కాసేపటికి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పింది.

"గా వాలు దిగి ఎక్కుడు నాతోని గాలే. నాలుగుసార్లు పోతే దమ్మంత ఆడనే పాయె. పాటకు దమ్ముండాలె గదా. గందుకే గా గోలీ ఆపిన."

 మాస్కు సర్ది ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

దవాఖానాలో డాక్టర్లు చూస్తుండగా తడి చీర మార్చే పని నేనే చేశాను, ఇంకెవరినీ చేయనివ్వలేదు. కొంగు చివర ఒక ముడి తగిలింది. విప్పితే నాలుగు తెల్లటి గోలీలు ఉన్నాయి. ఒకటి దారిలో బండి ఆపమనలేక వ్యాను ఎక్కిన పొద్దున దాచుకున్నది, మూడు ఇక్కడివి. ఒకటి రెండు నోటి తడికి అంచులు కరిగి ఉన్నాయి. నాలుక కింద పెట్టుకుని, ఆయన అటు తిరగగానే తీసి దాచుకుందన్నమాట.

వరండాలో రాఘవులు ఫోను మోగింది. బృందంలో ఒకావిడ చేసింది. వాళ్ల వంతు అయిపోయిందట. సుగుణమ్మ పాట మాత్రం ఎవరూ పాడలేదట, వచ్చాక ఆమే పాడుకుంటదని ఉంచారట. ఆయన సరే సరే అని పెట్టేశాడు. పన్నెండు కొట్టకముందే సుగుణమ్మ పోయింది.

ఆయన ఏడవలేదు. గోలీల డబ్బా మూత తెరిచి ఖాళీ అరలు నాకు చూపించాడు.

"ఒక్కపూట గూడ తప్పలే సిస్టరమ్మా. టైముకే ఇచ్చిన. యాడ తప్పు జరిగింది?"

చెప్పకుండా దాచేద్దామా అనిపించింది. కానీ దాస్తే ఏ గోలీ తప్పిచ్చానో అని ఆయన బతికినన్నాళ్లూ ఆ డబ్బాలో వెతుక్కుంటాడు. తప్పు మీది కాదు బాబాయి అని మొదలుపెట్టి కొంగుముడి సంగతి, వాలు సంగతి, బాత్రూంలు అక్కడ పెట్టించింది నేనేనన్న సంగతి చెప్పేశాను. చీర తడిసిన మాట చెప్పలేదు. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిడితే నాకు కొంత తేలికయ్యేది.

"ముప్పై రెండేండ్లు కండక్టరు నౌకరి చేసిన. బస్సుల ఎవరన్న ముసలమ్మ ఒంటికి ఆపుకుంటుంటె మొఖం చూస్తనే తెల్సేది నాకు, ఈల గొట్టి ఆపిచ్చేటోన్ని. ఇంట్ల మనిషి మొఖం చూసి తెలుసుకోలేకపోయిన."

డబ్బా మూత మూసి లోపలికి, ఆమె దగ్గరికి వెళ్లాడు.

మరుసటి ఏడు అదే చోట బాత్రూంలను మంచాల వెనక్కే జరిపించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఈగలకు మందు కొట్టిస్తే పోతాయని అప్పుడు తోచింది నాకు. ఇప్పుడు ఏ జాతర క్యాంపుకు వెళ్లినా ముందు ఒక మంచం మీద కూర్చుని, లేచి, డెబ్భై ఏళ్ల మనిషిలా మెల్లగా బాత్రూం దాకా నడిచి వస్తాను. ఎక్కడ ఆయాసం వస్తే దానికి ఇవతలికే బాత్రూం జరపమంటాను. గోలీ వేసుకున్నారా అని అడిగి ఊరుకోను, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారని అడుగుతాను. కొందరు సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంటారు. జవాబు చెప్పేదాకా నేను కదలను.

అడగందే అమ్మైనా పెట్టదని వార్డులో పేషెంట్లను ఎన్నోసార్లు దెప్పాను. ఆ మాట అనడం మానేశాను. మన ఆడవాళ్లు కొన్ని అడగరు. ఊపిరి పోతున్నా అడగరు. అడగకముందే తెలుసుకోవడానికే అక్కడ నన్ను పెట్టారు, నేనేమో అదృష్టవంతురాలని నవ్వి వచ్చేశాను.