సార్ కోయని కుండ

సూర్యాపేటలో మా కుండల క్లాసు నడిపిన వెంకటనర్సయ్య సార్ ఇక లేరు. ఆ దుర్వార్త ఫోనులో విన్నప్పుడు నేను మిర్యాలగూడలో, మా రైస్ మిల్లు ఆఫీసులో కూర్చుని లారీ డ్రైవర్ మీద కేకలేస్తున్నాను. గుండెపోటట. ముందటి ఆదివారమే, మన్ను సరిగా పిసకలేదని నన్ను తిట్టిన మనిషి! ఆ మహనీయుని గురించి రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు కరెంటు సారెలు పెట్టి, వచ్చినవాళ్లకల్లా ఈ విద్య నేర్పారు. కోదాడ నుంచి వచ్చే లెక్చరర్ భాస్కర్ గారైనా, ఊళ్లోని కాలేజీ పిల్లలైనా ఆయన దృష్టిలో సమానమే. మెప్పు కోసం పాకులాడేవాళ్లను మాత్రం ఊరికే వదిలేవారు కాదు. అందులో మొదటి పేరు నాదే.

సారె మీద చక్కగా లేచిన కుండను, పచ్చిగా ఉండగానే, సన్నని తీగతో నిలువునా కోసేవారు. గోడ ఎక్కడ మందమైందో, ఎక్కడ పలచబడిందో చూపించేవారు. నా మొదటి కుండ దగ్గరికి తీగ పట్టుకుని వస్తే నాకు ఏడుపొచ్చింది.

"జర ఆగుండ్రి సార్. మా అత్తమ్మకు సూపెట్టి తెస్త."

"మీ అత్తమ్మకు పైన కనవడ్తే సాలు. నీకు లోపల కనవడాలె. ఇగ ఇంకోటి చెయ్," అంటూ కోసేశారు. వారం రోజులు ఆయన మీద గుర్రుగా ఉన్నాను.

ఈ మధ్యే ఒక పెద్ద కుండ చేశాను. సార్ దాని చుట్టూ తిరిగి చూసి, తీగ జేబులో వేసుకున్నారు. "దీన్ని కొయ్య. గిది నిలుస్తది," అన్నారు. మిల్లుకొచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాట చెప్పుకుని మురిసిపోయాను.

అంత్యక్రియల నాడు షెడ్డులో, బట్టీలోంచి దించిన మా పనులన్నీ, నా పెద్ద కుండతో సహా, వరుసగా ఉన్నాయి. సార్ కూతురు స్వప్న వాచిన కళ్లతో వచ్చింది. చితి చుట్టూ నీళ్ల కుండ మోయాల్సింది ఆ అమ్మాయే.

"దుకాణం కుండ వద్దని నాన్న ఎప్పుడూ అంటుండె అక్కా. నేను పోయిననాడు నా శిష్యులు చేసిందే తేండ్రి అనేటోడు. నీది అయితే నీళ్లకు సరిపోతది. ఇస్తవా?"

చితి దగ్గర ఆ కుండకు చిల్లులు పొడుస్తారు, చివరికి వెనక్కి వదిలి పగలగొడతారు. నాకు అదొక్కటే కళ్లముందు కనిపించింది.

"అది కారుతదమ్మా. అడుగు పగులిచ్చింది," అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో! స్వప్న నమ్మింది. మిగిలినవన్నీ కప్పులు, చిన్న చిన్న పూలకుండీలు. "నేను బజారుకెళ్లి తెస్తానండి," అని భాస్కర్ గారు బండి తీశారు. ఇంతమందికి కుండ చేయడం నేర్పిన గురువు బజారు కుండతోనే సాగిపోయారు. శ్మశానంలో నేను తలెత్తలేదు. అందరూ దుఃఖమనుకున్నారు, కానీ అది సిగ్గు.

నిన్న సంస్మరణ సభ జరిగింది. కాలేజీ పిల్లలు మా పనులన్నీ ఫోటో ముందు పేర్చారు. నా కుండ నట్టనడుమ పెట్టారు. స్వప్న అందులో అంచుదాకా నీళ్లు పోసి చామంతులు వేసింది. అది నాదని తట్టలేదో, కావాలనే పోసిందో నాకు తెలియదు. నేను మైకు పట్టుకుని గురుభక్తి గురించి మాట్లాడాను కూడా. అటువంటి నిష్కల్మష గురువు మనకు మళ్లీ దొరకరన్నాను. ఆ ఒక్కమాట నిజం.

సభ అయ్యాక స్వప్న పూలు పక్కకు జరిపి కుండలోకి చూసింది. నీళ్లు అంచుదాకా అట్లాగే ఉన్నాయి. చాలాసేపు చూసి నా దగ్గరికొచ్చింది.

"అన్నం తిని పోవాలె అక్కా," అంది.

తిన్నాను సార్. మీ ఇంట్లో కూర్చుని, మీ బిడ్డ వడ్డిస్తే తిన్నాను. మీ పాదాలకు దండం పెట్టే మొహం మాత్రం నాకు లేదు.