తప్పకుండా వేస్తాం సార్

మా పక్కింటాయన బ్రిటిష్ సైన్యంలో మేజరుగా చేసి, అది వదిలేసి ఇక్కడ న్యూజీలాండ్‌లో, మా హామిల్టన్‌లో స్థిరపడ్డాడు. మా ఇంట్లో మేజర్‌గారనే అనుకుంటాం. ఆ ఏడాది సిటీ కౌన్సిల్‌కి పోటీకి దిగాడు. రోటోటూనా పేటలో మీ తెలుగువాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి, కాస్త తోడు రమ్మని అడిగితే ఒక శనివారం బయల్దేరాను.

ప్రతి ఇంట్లోనూ రాచమర్యాదే. టీ, చేగోడీలు, ఒకచోట పెసరట్టు కూడా. "తప్పకుండా మీకే వేస్తాం సార్." ఆయన ముఖం వెలిగిపోతోంది, నాకేమో ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ కౌన్సిల్ ఎన్నికకి ఓటుపత్రం పోస్టులో ఇంటికే వస్తుంది, నింపి తిప్పి పంపాలి. ఆ కవరు సగం ఇళ్లల్లో విప్పనే లేదు, మైక్రోవేవ్ మీద పిజ్జా కూపన్ల కింద పడి ఉంది. పైగా ముందు వారం ఆయన ప్రత్యర్థి వచ్చినప్పుడూ ఇదే మాట, ఇవే చేగోడీలు. మనవాళ్ల సంగతి నాకు తెలియదా!

ఫుట్‌పాత్ మీదికి రాగానే ఇక ఆగలేక అనేశాను.

"గుమ్మంలోకొచ్చిన మనిషిని మావాళ్లు మొహం మీద కాదనలేరు. అది మర్యాద, ఓటు కాదు. మళ్లీ వెళ్లి, కవరు పోస్టు చేశారా అని గట్టిగా అడగండి."

ఆయన నడక ఆపేశాడు. నేనేదో అనకూడనిది అన్నానని భయమేసింది. మెల్లగా చెప్పుకొచ్చాడు. యుద్ధంలో ఒక ఊరి పెద్దలు ఇలాగే టీ ఇచ్చి, ముందు దారి క్షేమమే అన్నారట. ఆ దారిన తను పంపిన కుర్రాళ్లలో కొందరు తిరిగి రాలేదట. ఆ తర్వాత ఎవరు నవ్వుతూ మాట్లాడినా అనుమానమేనట.

"అలా బతకలేకే యూనిఫామ్ విప్పేశాను. ఇక్కడ జనం మాట నమ్ముతాను. ఓడినా సరే."

తర్వాతి ఇంటి గేటు నేనే తీశాను.

ఓడిపోయాడు. పెద్ద తేడా కూడా కాదు, మేం తిరిగిన వీధులు కలిసొస్తే గెలిచేవాడే. ఫలితం వచ్చిన సాయంత్రం నేను చెత్తడబ్బా బయట పెడుతుంటే ఎదురుపడ్డాడు. ఇద్దరం కాసేపు వాన గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు వేశావా?"

వేశాను. కవరు వచ్చిన మర్నాడే నింపి, సూపర్‌మార్కెట్ దగ్గరి ఓట్ల పెట్టెలో నా చేత్తో వేశాను. అదే చెప్పాను, కానీ పాడు గొంతు తడబడింది. ఆయన నా కళ్లలోకి ఒక్క క్షణం చూసి, చాలా మర్యాదగా థాంక్యూ అన్నాడు.

నమ్మలేదు. ఏడుపొచ్చింది నాకు. ఒట్టు పెట్టి చెబుదామనుకునేలోపే ఆయన లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.